వేగం తగ్గిస్తే చెప్పి తగ్గించాలి

నాయుడుపేటలో ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లల గోడు ఒకటే: ‘స్పీడ్ టెస్టులో వంద చూపిస్తుంది, ఆఫీసు వీపీఎన్ మాత్రం కదలదు.’ ఆపరేటర్‌ను అడిగితే ‘లైన్ బాగానే ఉందండీ’ అంటాడు. లోపం వైఫైలో ఉండొచ్చు, ఆఫీసు సర్వర్‌లో ఉండొచ్చు. కంపెనీయే కొన్ని రకాల డేటాను ఏరి నొక్కిపెట్టినా పైకి ఇలాగే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

ఎలా ఏరుతారు? కంపెనీలు ఏరే డేటాకు టోరెంట్లే ఉదాహరణ: వాడేవాళ్లే ఒకరికొకరు ఫైళ్లు పంచుకునే పద్ధతి ఇది. తొలిరోజుల్లో టోరెంట్లు 6881 నుంచి 6889 దాకా పోర్టు నంబర్లు వాడేవి. నంబరు చూస్తే చాలు. పోర్టు మార్చినా పలకరింపులోనే దొరికిపోయేవి: మొదటి బైటు విలువ 19, వెంటనే 19 బైట్లలో ‘బిట్‌టోరెంట్ ప్రోటోకాల్’ అన్న పేరు. ఎన్‌క్రిప్షన్ వచ్చి ఆ పేరు దాచింది కానీ వాలకం దాచలేదు. హైవే మీద టార్పాలిన్ కప్పిన లారీలో సరుకేమిటో టైర్ల అణుగుడు చూసి చెప్పేవాళ్లుంటారు. ఇదీ అంతే. ప్యాకెట్ల సైజు, వాటి మధ్య విరామం, ఒకేసారి ఎన్ని కనెక్షన్లు, ఎక్కింది ఎంత, దిగింది ఎంత అన్నవి చూసి యంత్రం అంచనా కడుతుంది. ఆ అంచనా తప్పితే, అలాగే ఎన్‌క్రిప్షన్‌లో నడిచే ఉద్యోగి వీపీఎన్ కూడా బలవుతుంది.

అమెరికాలో కామ్‌కాస్ట్ నకిలీ రీసెట్ ప్యాకెట్లు పంపి టోరెంట్లను తెంచేస్తోందని 2007లో బయటపెట్టింది ఒక కస్టమరే. మరుసటి ఏడాది, మద్రాస్ ఐఐటీలో చదివిన కృష్ణ గుమ్మడి, జర్మనీలోని సహచరులతో కలిసి, ఎవరి లైన్ వాళ్లే పరీక్షించుకునే ‘గ్లాస్‌నోస్ట్’ అనే సాధనం తెచ్చారు.

టోరెంట్లలో సాగే పైరసీ మన సినిమాకు నష్టమే, కాదనను. దాన్ని ఆపడానికి కోర్టులున్నాయి. ఉబుంటు లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా టోరెంట్‌లోనే పంచుతారు. దారినే దొంగ అనడం అన్యాయం.

మనకు చట్టం అండ ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నవంబరు సిఫార్సులను కేంద్రం 2018లో లైసెన్సు షరతుల్లో చేర్చింది. కంటెంటును బట్టి గానీ ప్రోటోకాల్‌ను బట్టి గానీ వేగం తగ్గించకూడదు. రద్దీ వేళ సర్దుబాటు చేయాల్సివస్తే అది అవసరమైనంతే, తాత్కాలికంగా, పారదర్శకంగా ఉండాలి. ఈ మూడో మాటే అమలు కావాలి. ఏ వేళల్లో, ఏ రకం డేటాను, ఎంత తగ్గిస్తారో తెలుగులో, ప్లాన్ కాగితం మీదే అచ్చు వేయాలి.

అందుకే ఆపరేటర్ మాటతో వెనుదిరగొద్దు. వీపీఎన్ ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ, పగలూ రాత్రీ వేగం కొలిచి రాసిపెట్టుకోండి. కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు అడగండి. అక్కడ తేలకపోతే ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి. ఫిర్యాదు రికార్డుకెక్కితేనే కంపెనీ జవాబు చెప్పాల్సి వస్తుంది.