చిత్తరువు చెప్పు శాస్త్రము

శాస్త్రము వేఱు, కళ వేఱు అను తలంపు మన పాఠశాలలలో గాఢముగా నాటుకొని యున్నది. జీవశాస్త్రపు గంటలో వేయు బొమ్మ మార్కులకొఱకు; చిత్రలేఖనపు గంటలో వేయు బొమ్మ వినోదమునకు. ఈ రెండు గంటల నడుమనున్న గోడను తొలగింపవలెనని నా మనవి. జీవశాస్త్రము విద్యార్థులకే గాక జనసామాన్యమునకును అందవలెనన్నచో, చిత్రకళకంటె దగ్గఱి త్రోవ కానరాదు.

ఇందులకు పాముల విషయమే చాలిన నిదర్శనము. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు అంచనా వేసిరి. వారిలో పెక్కురు పల్లెవాసులు. విషసర్పమేదో, నిరపాయమైనదేదో తెలియక భయముచే ప్రతి పామును కొట్టబోవుట మనుష్యునకును ముప్పు, పామునకును ముప్పు.

ఈ యక్కఱను రెండువందల యేండ్లకు పూర్వమే గుర్తించినవాడు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున నున్న కాలమున కోరమాండల్ తీరపు పాములను సేకరించి, వర్ణచిత్రములతో 1796లో లండనునందు గ్రంథము ప్రకటించెను. అందు పెక్కు పాములకు ఇచటివారు పిలుచు పేరులనే వ్రాసెను. రక్తపింజరికి ఆయన వ్రాసిన పేరు ‘కాటుకరేకుల పొడ’. ‘బంగారుపాము’ అను తెలుగు పేరునుండియే కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అను శాస్త్రనామము 1803లో ఏర్పడినది. పల్లెవారి పలుకును, చిత్రకారుని కుంచెయు, వైద్యుని పరిశీలనమును కలిసినప్పుడే అట్టి గ్రంథము పుట్టును.

చేతిలోని ఫోనే ఛాయాచిత్రము తీయుచుండగా చేతిబొమ్మ యేల యని కొంద ఱడుగవచ్చును. ఛాయాచిత్రము నీడను, గడ్డిని, బురదను సైతము చూపును. చిత్రకారుడో, చూడవలసినదానినే చూపును. కట్లపామును, విషములేని తోడేలుపామును ప్రక్కప్రక్కన గీసి చూడుడు. తోడేలుపాము కట్లు మెడవద్దనే స్పష్టముగా మొదలై తోకవైపు మాయును. కట్లపాము కట్లు తలకు కొంత దూరమున మొదలై తోకవైపు స్పష్టమగును. కట్లపాము వెన్నునడుమ పెద్దవైన ఆఱుకోణముల పొలుసుల వరుసయు నుండును. పది పుటల వర్ణన చేయలేని పనిని ఈ జంటబొమ్మ చేయును. గీసిన బాలుడు దానిని మఱువడు. ఏలయన, గీయుటకు ముందు చూడక తప్పదు.

ఐనను బొమ్మను చూచి పామును పట్టబోరాదు. కాటుపడినవాడు పాము పేరు విచారించుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ హెచ్చరికయు బొమ్మక్రిందనే యుండవలెను.

అన్యభాషా ప్రాంతమున నివసించు మనకు ఇందు మఱియొక లాభము గలదు. మన యింటి భాష ఒకటి, అంగడి భాష మఱియొకటి. బొమ్మకు లిపి లేదు. దాని క్రింద తెలుగు పేరును, పొరుగువారి పేరును ప్రక్కప్రక్కన వ్రాసినచో, ఒకే గోడయెదుట ఇరువురును నిలిచి చదువుదురు. మన పేరులును మఱపున పడకుండును.

కావున ఉపాధ్యాయులకును, తోడి విద్యార్థులకును ఒక విన్నపము. ఈ యేడు శాస్త్రప్రదర్శనమునకు ఖరీదైన అట్టబొమ్మలను కొనుట మాని, మన ప్రాంతపు పాములను, పక్షులను, చెట్లను మనమే పుస్తకములనుండియు దూరపు పరిశీలనమునుండియు గీయుదము. వానిని పాఠశాలలో దాచక, సంతవీథిని, బస్సులు నిలుచుచోటను, ఆసుపత్రి వసారాలోను పెద్దల యనుమతితో వ్రేలాడదీయుదము. ఒక్క రైతు ఆగి చూచి, చీకటిలో చేతిదీపము లేక పొలమునకు పోరాదని తెలిసికొన్నను మన శ్రమ ఫలించినట్లే.