మాత్ర కావాలి, చదువూ కావాలి

పెళ్లికాని ఆడపిల్లకి బైపోలార్ అని డాక్టరు చెప్పారంటే, మా ఖమ్మం వైపు చుట్టాలు ఇచ్చే సలహా దాదాపు ఒకటే. "చదువు మాన్పించండి, ఆ ఒత్తిడికే వచ్చింది. ఓ సంబంధం చూసి చేసేస్తే అదే సర్దుకుంటుంది. మాత్రల సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండి." చెప్పేవాళ్లది మంచి మనసే కావచ్చు. కానీ ఇందులో ఒక్క మాట కూడా పిల్లకి మేలు చేసేది కాదు.

ఈ జబ్బు ఎక్కువమందిలో పదిహేను, పాతికేళ్ల మధ్యే బయటపడుతుంది. ఆ వయసులో పిల్లలు ఇంటర్లోనో డిగ్రీలోనో ఉంటారు కాబట్టి నింద చదువు మీద పడుతోంది. పరీక్షల ముందు నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టొచ్చు, నిజమే. అలాగైతే పెళ్లి పనుల్లో చెడే నిద్ర మాటేమిటి? కాన్పు తర్వాతి రోజుల్లో ఈ జబ్బు మరీ తిరగబెడుతుందని డాక్టర్లే హెచ్చరిస్తారు. చదువు ఒక ఏడాది ఆగి మళ్లీ మొదలుపెట్టొచ్చు. పెళ్లికి, కాన్పుకి ఆ వీలు లేదు.

అసలు ఏ మందు అని తేల్చుకునేటప్పుడే చదువును కూడా లెక్కలోకి తీసుకోవాలంటాను నేను.

లిథియం తీసుకోండి. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ దాని గుణం చెప్పినప్పటి నుంచి ఇప్పటికీ ముందు వరసలో ఉన్న మందు అది. అయితే రక్తంలో ఎంత ఉందో చూపించుకుంటూ ఉండాలి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించాలి. ఒంట్లో నీరు తగ్గితే అది విషమవుతుంది. కొత్తగూడెం, భద్రాచలం ఎండల్లో ఇది చిన్న విషయమా? ఒళ్లు నొప్పులకి ఆర్ఎంపీ వేసే డైక్లోఫెనాక్ కూడా లిథియం మోతాదును పెంచేస్తుంది. ఇవన్నీ గుర్తుపెట్టుకోవాల్సింది ఆ పిల్లే. చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో బస్సెక్కి వచ్చి, చీటీ చదివి, రిపోర్టులో అంకె చూసి అడగగలిగే పిల్లకి ఆ మందు రక్ష. అది చదువు వల్ల వచ్చే శక్తి కాదా?

వాల్‌ప్రోయేట్‌తో ఇన్ని రక్తపరీక్షల బాధ ఉండదు. కానీ గర్భంలో అది అందిన పిల్లల్లో పదిమందికి ఒకరు అవయవ లోపంతో పుడతారు, ముగ్గురు నలుగురికి ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తాయి. మందు దాచి పెళ్లి చేయడమంటే ఈ ప్రమాదాన్ని కూడా దాచి పంపడమే. ఒలాంజపైన్ ఒళ్లు పెంచుతుంది, మత్తు తెస్తుంది. ఉదయం ఎనిమిదింటి క్లాసులో తూగే పిల్లని బద్ధకస్తురాలంటారు. లామోట్రిజిన్‌తో మత్తు తక్కువ. కుంగుబాటు మళ్లీ రాకుండా బాగా కాస్తుంది గానీ, దాన్ని మెల్లగా పెంచాలి, ఒంటిమీద దద్దురొస్తే వెంటనే డాక్టరుకి చూపించాలి.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ప్రొఫెసర్ కే రెడ్‌ఫీల్డ్ జామిసన్‌కి ఇదే జబ్బు. లిథియం మోతాదు ఎక్కువగా ఉన్నన్నేళ్లు పుస్తకం చదవలేకపోయానని, తగ్గించాక మళ్లీ చదవగలిగానని 1995లో తన కథ రాసుకున్నారు. అప్పుడు ఆమె మందు పూర్తిగా మానేయలేదు, చదువూ మానలేదు. డాక్టరుతో కలిసి మోతాదు మార్చుకున్నారు.

డబ్బుల్లేవంటారా? 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అత్యవసర జాబితాలోని మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పై ప్రభుత్వాసుపత్రులన్నిట్లో ఉచితంగా ఇవ్వాలి. లేవంటే నిలదీసి అడగాలి. ఊళ్లో మానసిక డాక్టరు లేకపోతే 2022లో మొదలైన టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. నలభై శాతానికి తగ్గని వైకల్యమని ధ్రువపత్రం ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో సీట్ల రిజర్వేషన్ వర్తిస్తుంది. జబ్బున్న పిల్ల చదువుకోవాలనే చట్టం అంటోంది. వద్దంటున్నది మనమే.

కాబట్టి అమ్మలకి నా మాట ఒక్కటే. డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు "పెళ్లి చేయొచ్చా?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. "ఈ మందు వేసుకుని మా పిల్ల పొద్దున్నే లేవగలదా? చెయ్యి వణక్కుండా పరీక్ష రాయగలదా? లేకపోతే ఇంకేముంది?" అని అడగండి. మన అంతట మనం మాత్ర ఆపొద్దు, కాలేజీ కూడా ఆపొద్దు. పిల్ల తన చీటీ తనే చదువుకునేదాకా చదివించండి.