కోటి ఆస్తి, మూడు శాతం రాబడి

హైదరాబాద్ మియాపూర్‌లో 2005లో 20 లక్షల రూపాయలకు కొన్న ఫ్లాట్ నేడు కోటి పలుకుతోందనుకోండి. అద్దె నెలకు 25,000 రూపాయలు. పెట్టిన డబ్బుపై ఏటా 15 శాతం వస్తోందని యజమాని మురిసిపోతారు. ఆ లెక్కే తప్పు. ఇప్పుడు అందులో ఉన్నది 20 లక్షలు కాదు, కోటి. దానిపై రాబడి 3 శాతమే. ఆస్తి పన్ను, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు తీసేస్తే అదీ మిగలదు. ధర ఇంకా పెరుగుతుందన్న ఆశే అసలు పెట్టుబడి.

మరి అమ్మేస్తే? 2024 జూలై 23కు ముందు కొన్న ఇళ్లకు, దేశంలో నివసించేవారు రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టొచ్చు: ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా లాభంపై 12.5 శాతం లేదా సర్దుబాటుతో 20 శాతం. ఈ ఫ్లాట్‌ను 2025-26లో అమ్మితే మొదటి లెక్కన పన్ను 10 లక్షలు, రెండో లెక్కన 7 లక్షల పైచిలుకు. సెస్ అదనం. ఇక్కడ ఫ్లాట్లు అద్దెకిచ్చి అమెరికాలో స్థిరపడిన ప్రవాసులకు ఈ వెసులుబాటు లేదు.

పన్ను తప్పుతుందని చాలామంది రెండేళ్లలోపు మరో ఇల్లు కొంటారు. అయితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి దాదాపు 7.5 శాతం. అంటే రెండున్నరేళ్ల అద్దె. ఆ తర్వాత చేతికొచ్చేది మళ్లీ అదే 3 శాతం. ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ వంటి సంస్థల మూలధన లాభాల బాండ్లలో 50 లక్షల వరకు పెట్టినా మినహాయింపు ఉంది. కానీ ఐదేళ్లు ఆ డబ్బు కదలదు. ఉన్న ఇంటిని తనఖా పెట్టి ఇంకొకటి కొంటే, అప్పు వడ్డీ అద్దెను మింగేస్తుంది.

పన్ను కట్టి బయటపడే దారీ ఉంది. దేశంలో తొలి రీట్ 2019లో లిస్టయింది. ఆఫీసు భవనాల అద్దెలో వాటాలిచ్చే ఈ యూనిట్ల ధర పడిపోవచ్చు కూడా. అయినా అవసరమైనన్నే అమ్ముకోవచ్చు. ఆస్పత్రి బిల్లు కోసం ఫ్లాట్‌లో ఒక పడకగదిని అమ్మలేరు కదా.

పదవీ విరమణకు చేరువైన యజమాని వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. పన్ను పోను మిగిలే 92 లక్షలు ఈ రోజు చేతిలో ఉంటే, వాటితో ఇదే ఫ్లాట్ కొంటారా? అవునంటే ఉంచుకోవాలి. కాదంటే, ఇరవై ఏళ్ల నాటి ధర తలచుకుని మురిసిపోవడం మానాలి.