కీళ్ళనొప్పి బద్ధకం కాదు



సోలాపూర్ సాంచాల మధ్య పుట్టి పెరిగిన మనకు కీళ్ళనొప్పులు కొత్త కాదు. కండెలు చుట్టే అక్కలు, తువ్వాళ్ళ అంచులు కుట్టే చెల్లెళ్ళు పొద్దున లేవగానే పిడికిలి బిగియడం లేదంటే ఇంట్లోవాళ్ళు వయసంటారు, మేస్త్రీ బద్ధకమంటాడు. మందుల దుకాణంలో నొప్పి గోళీ ఇచ్చి పంపుతారు. అసలు జబ్బు మాత్రం లోపలే ఉండిపోతుంది.

రోగాలతో పోరాడే మన ఒంటి శక్తే ఒక్కోసారి దారి తప్పి సొంత ఒంటి మీద పడుతుంది. అది మెడలోని థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీయవచ్చు. 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో వర్ణించిన జబ్బు ఇదే. అదే శక్తి కీళ్ళ మీద పడితే రుమటాయిడ్ కీళ్ళవాతం. రెండూ ఆడవాళ్ళలోనే ఎక్కువ. ఒకటి ఉన్నవాళ్ళకు రెండోది వచ్చే అవకాశం మామూలుకంటే ఎక్కువ. అందరికీ వస్తుందని కాదు, కనుక భయం వద్దు.

చిక్కేమిటంటే, థైరాయిడ్ తగ్గినా అలసట, కండరాల నొప్పి, కీళ్ళ బిగుతు వస్తాయి. అది థైరాయిడ్ గోళీతో చాలావరకు తగ్గుతుంది. కీళ్ళవాతానికి మందులు వేరు, ఆలస్యమైతే వేళ్ళు వంకర పోతాయి. ఒకటి దొరికిందని రెండోదాన్ని వెతకడం మానకూడదు. థైరాయిడ్ గోళీ వేసుకుంటున్నా కీళ్ళు వాచి, పొద్దున గంటసేపు బిగుసుకుంటే మళ్ళీ డాక్టరుకు చూపించాలి.

మన పనికీ దీనికీ సంబంధం లేదనుకోవద్దు. బట్టల మిల్లు దుమ్ములో పనిచేసిన ఆడవాళ్ళకు కీళ్ళవాతం ముప్పు దాదాపు మూడు రెట్లని మలేషియా పరిశోధకులు 2016లో ప్రకటించారు.

అందుకే మేము అడుగుతున్నాం. కీళ్ళనొప్పితో వచ్చిన ప్రతి కార్మికురాలికీ ఈఎస్ఐ దవాఖానాల్లో కీళ్ళవాతం పరీక్షతోపాటు థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయాలి. కార్డు లేని షెడ్లవాళ్ళకు యజమానులు చేయించాలి. షెడ్లలో దుమ్ము తగ్గించాలి. కార్డుండి, చందా దినాలు నిండినవాళ్ళు జబ్బుసెలవులో 70 శాతం కూలి హక్కుగా అడిగి తీసుకోవాలి.

సాంచా ఆగితే గంటలో ఫిట్టరును పిలిపించే యజమాని, దాన్ని నడిపే చెయ్యి ఆగితే నెలలు గడిచినా పట్టించుకోడు. పట్టించుకునేలా చేయడం మన ఐక్యత పని.