కొండ ఓర్చుకోగలిగినంత దారి

మే నెల వచ్చిందంటే మైదానాల వేడికి తాళలేక లక్షలాది మంది హిమాలయాల బాట పడతారు. ఋషికేశ్ దాటి దేవప్రయాగ, రుద్రప్రయాగల మీదుగా బదరీనాథ్ చేరే దారి ఒకప్పుడు వారాల తరబడి కాలినడక. నేడు రెండు రోజుల కారు ప్రయాణం. ఈ సౌకర్యాన్ని తప్పుపట్టనక్కరలేదు. నొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రికి చేర్చాలన్నా, సరిహద్దుకు సైన్యాన్ని తరలించాలన్నా కొండకు దారి కావలసిందే. ఆ దారి ఎంత వెడల్పున ఉండాలి, ఏ పరీక్షకు నిలవాలి, ఎవరిని అడిగి వేయాలి అన్నవే అసలు ప్రశ్నలు.

2016 డిసెంబరులో ప్రధాని మోదీ డెహ్రాడూన్‌లో శంకుస్థాపన చేసిన చార్‌ధామ్ రహదారి ప్రాజెక్టు ఆ ప్రశ్నలను తప్పించుకున్న తీరు గమనించదగినది. పొడవు దాదాపు 900 కిలోమీటర్లు, అంచనా వ్యయం 12,000 కోట్ల రూపాయలు. జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు మించితే పర్యావరణ ప్రభావ అంచనా జరగాలన్నది నిబంధన. ప్రాజెక్టును 53 ముక్కలు చేశారు. ఏ ముక్కా 100 కిలోమీటర్లు దాటలేదు కనుక అంచనా అవసరమే రాలేదు. కాగితం మీద నిబంధన చెక్కుచెదరలేదు. కొండ మాత్రం ముక్కలుగా ఉండదు. ఒకచోట వాలును నిలువునా కోస్తే పై నేల పట్టు సడలుతుంది; తవ్విన మట్టిని లోయలోకి తోస్తే దిగువన నది పూడుతుంది.

వెడల్పు కథ మరింత విచిత్రం. కొండ దారులకు 5.5 మీటర్లు చాలునని 2018లో చెప్పింది సాక్షాత్తు రహదారుల మంత్రిత్వశాఖే. సుప్రీంకోర్టు నియమించిన ఉన్నతాధికార కమిటీకి అధ్యక్షుడైన రవి చోప్రా కూడా ఆ కొలతనే సమర్థించారు. కమిటీలో అధిక సంఖ్యాకులు విభేదించారు. 2020 సెప్టెంబరులో కోర్టు 5.5 మీటర్లకే కట్టుబడమంది. మూడు నెలలు దాటగానే మంత్రిత్వశాఖ తన ఉత్తర్వును సవరించుకుంది. రక్షణ అవసరాల వాదన ముందుకు రాగా 2021 డిసెంబరు 14న కోర్టు విస్తరణకు అనుమతించింది. ఆ తరువాత చోప్రా కమిటీ నుంచి తప్పుకున్నారు.

దేశ భద్రత అన్న మాట వినబడగానే మన ప్రజాస్వామ్యంలో ప్రశ్నించే గొంతు తగ్గిపోతుంది. కాని వానాకాలంలో చరియలు విరిగిపడి మూతపడే విశాలమైన రహదారి కన్నా, ఏడాది పొడవునా తెరిచి ఉండే ఇరుకు దారే సైనికుడికి ఎక్కువ అక్కర.

హెచ్చరికలకు కొదవ లేదు. జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాలపై నిలిచిన పట్టణమనీ, అక్కడ భారీ నిర్మాణాలు తగవనీ 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. 2023 జనవరిలో ఆ పట్టణంలో వందలాది ఇళ్లు బీటలు వారాయి. అదే ఏడాది నవంబరు 12న ఈ ప్రాజెక్టులోనిదే అయిన సిల్క్యారా సొరంగం కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. భారీ యంత్రాలు మొరాయించాక, చేతులతో తవ్వే శ్రామికులు పదిహేడవ రోజున వారికి దారి తెరిచారు. ఆ రోజు దేశమంతా చప్పట్లు కొట్టింది. సొరంగం ఎందుకు కూలిందన్న ప్రశ్న ఆ చప్పట్లలో కలిసిపోయింది.

కొండల నిర్లక్ష్యానికి మూల్యం ఏమిటో తెలుగువారికి తెలియనిది కాదు. 2014 జూన్‌లో హిమాచల్ విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ జలాశయం నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో బియాస్ నది పాలయ్యారు. మైదానం నుంచి వెళ్లినవారికి నది ఒక దృశ్యం మాత్రమే. ఆ దృశ్యం వెనుక ఆనకట్ట ఉందని, దాని తలుపులు ఎప్పుడు తెరుస్తారో చెప్పవలసిన బాధ్యత రాజ్యానిది.

యాత్రికుల సంఖ్యకు హద్దు పెడితే స్థానికుల పొట్ట కొట్టినట్టేనన్న వాదన ఉంది. దానిని తేలికగా కొట్టివేయలేము. ఆరు నెలల సీజన్ మీదనే ఏడాదంతా బతికే టాక్సీ డ్రైవర్లు, డాబాల వారు, తీర్థపురోహితులు అక్కడ వేలల్లో ఉన్నారు. అయితే చరియ విరిగి దారి మూసుకుపోయిన రోజున మొదట ఖాళీ అయ్యేది వారి గల్లాపెట్టెలే. రోహ్‌తంగ్ కనుమకు రోజుకు 1,200 పర్యాటక వాహనాలు మించరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ పరిమితి విధించింది. దానితో మనాలీ పర్యాటకం ఆగిపోలేదు.

కనుక అడగవలసినవి మూడు. పర్వత రహదారి ఎన్ని ముక్కలైనా ప్రభావ అంచనా మొత్తానికి ఒక్కటిగా జరగాలి. ప్రతి లోయ మోయగల భారాన్ని లెక్కగట్టి, రోజుకు ఎన్ని వాహనాలో ముందే ప్రకటించాలి. సొంత కార్ల స్థానంలో స్థానికులు నడిపే బస్సులకు ప్రాధాన్యమివ్వాలి. వీటిలో ఏదీ అభివృద్ధికి అడ్డం కాదు. ఎన్నికల లోపు రిబ్బను కత్తిరించాలన్న తొందరకు మాత్రమే అడ్డం.