సింగపూర్ బడిలో మన పిల్లల 'మాతృభాష' ఏది?

సింగపూర్‌లో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబానికి పిల్లల్ని బడిలో వేసే రోజే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. మాతృభాష సబ్జెక్టుగా ఏది తీసుకోవాలి? ఇంట్లో మాట్లాడేది తెలుగు. నానీ ఫోన్లో పలకరించేది ఉర్దూలో. కానీ అక్కడి జాబితాలో తెలుగు లేదు, ఉర్దూ ఉంది.

అక్కడ అధికార భాషలు నాలుగు: ఇంగ్లీషు, చైనీస్ (మాండరిన్), మలయ్, తమిళం. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. దానికి తోడు ప్రతి పిల్లా, పిల్లాడూ మాతృభాష నేర్చుకోవాలి. అయితే ఇక్కడ మాతృభాష అంటే ఇంట్లో మాట్లాడే భాష అని కాదు, సాధారణంగా ఆ పిల్లల జాతికి ప్రభుత్వం కేటాయించిన భాష. చైనీయులకు చైనీస్, మలయ్‌లకు మలయ్, భారతీయులకు తమిళం. తమిళులు కాని భారతీయుల కోసం తర్వాత మరో ఐదు భాషలను ఒప్పుకున్నారు: హిందీ, ఉర్దూ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ. తెలుగుకు మాత్రం చోటు దక్కలేదు.

ఇది ఏదో ఒక పీరియడ్ గొడవ కాదు. ఆరో తరగతి చివర రాసే పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలో నాలుగు సబ్జెక్టులు ఉంటాయి. అందులో మాతృభాష ఒకటి. పిల్లలు ఏ సెకండరీ స్కూలుకు వెళ్తారో ఆ పరీక్షే తేలుస్తుంది. కాబట్టి తమిళం తీసుకుంటే బడిలోనే పాఠం దొరుకుతుంది కానీ, ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు. ఉర్దూ తీసుకుంటే దాదా, నానీల భాష నిలుస్తుంది కానీ, చాలామంది పిల్లలు సెలవు రోజు కూడా క్లాసుకు పోవాలి. ఈ ఐదు భాషల బోధన భారం చాలావరకు ఆయా సమాజాలే మోస్తున్నాయి. ఎటు పోయినా తెలుగు చదవడం, రాయడం మాత్రం అమ్మా నాన్నల పూచీయే.

సింగపూర్ ఇంత గట్టిగా గీతలు గీయడానికి కారణం ఉంది. 1964 జులై 21న మీలాద్ ఊరేగింపు సమయంలో మలయ్, చైనీయుల మధ్య అల్లర్లు చెలరేగాయి. ఆ జులైలో 23 మంది చనిపోయారు. మరుసటి ఏడాదే సింగపూర్ విడి దేశమైంది. ఆ భయం ఇంకా పోలేదు. అందుకే 1997 నుంచి ఏటా జులై 21న బడుల్లో జాతుల సామరస్య దినం జరుపుతున్నారు. ఆ రోజు పిల్లలు చీరలు, కుర్తాలు, మలయ్ దుస్తులు, చైనీస్ దుస్తులు వేసుకుని వస్తారు. మామూలు రోజుల్లోనూ భోజనశాలలో హలాల్ స్టాలు పక్కనే మిగతా స్టాళ్లుంటాయి. ఎవరి తిండి వాళ్లు కొనుక్కుని ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. పిల్లలకు ఇది చిన్న మేలు కాదు.

అయితే ఆ సామరస్యానికీ ఒక హద్దుంది. ప్రభుత్వ బడుల్లో యూనిఫాంతో పాటు హిజాబ్ వేసుకోవడానికి ఒప్పుకోరు. 2002లో హిజాబ్‌తో వచ్చిన చిన్నపిల్లల్ని బడి నుంచి సస్పెండ్ చేయడం పెద్ద చర్చకు దారితీసింది. 2021 నవంబరు నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సులకు అనుమతి ఇచ్చారు. బడుల విషయంలో మాత్రం నియమం మారలేదు. యూనిఫాం ఒక్కటిగా ఉంటేనే పిల్లలు కలుస్తారన్నది ప్రభుత్వ వాదన. పక్కన కూర్చున్న అమ్మాయి హిజాబ్‌ను చూసి అలవాటు పడటం కూడా కలవడమే కదా అన్నది అవతలి వాదన. హిజాబ్ తప్పనిసరి అనుకునే కుటుంబాలకు ఆరు పూర్తికాల మదరసాలు ఉన్నాయి. వాటిలో సీట్లు పరిమితం.

ఈ చర్చ మనకు కొత్త కాదు. 2022లో కర్ణాటక హైకోర్టు తరగతి గదుల్లో హిజాబ్ నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. భాష సంగతికొస్తే, తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తించారు. 2018లో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అంటూ చట్టం తెచ్చారు. అంటే ఇక్కడి ముస్లిం పిల్లలకు రెండు భాషలూ చట్టప్రకారం సొంతమే. సింగపూర్‌లోని పిల్లలకు లేని వీలు ఇది. కాగితం మీద ఉన్న ఈ హక్కు టీచర్లు, పుస్తకాల రూపంలో తరగతి గదికి చేరుతోందా అన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న.

సింగపూర్ వెళ్లే కుటుంబాలు భాష ఎంపికను చివరి నిమిషం దాకా వాయిదా వేయకపోవడం మంచిది. మొదటి తరగతిలో ఎంచుకున్న భాషే ఆరో తరగతి పరీక్ష దాకా వెంట వస్తుంది. ఉర్దూ ఎంచుకున్నవాళ్లు సెలవు రోజు క్లాసులకు ముందే సిద్ధపడాలి. తమిళం ఎంచుకున్నవాళ్లు ఖురాన్ చదువుకు, ఉర్దూకు ఇంట్లో వేరే వేళ కేటాయించుకోవాలి. రెండు దారుల్లోనూ రోజూ కాసేపు తెలుగు చదివించకపోతే, పిల్లలకు ఆ భాష మాటగా మిగులుతుందే గానీ అక్షరంగా మిగలదు.