గరుడ పురాణం: అట్ట మీది పేరు

గరుడ పురాణం ఇంట్లో ఉంచకూడదు, చావు జరిగిన ఇంట్లోనే చదవాలి అన్న మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ పేరుతో దొరికే చిన్న పుస్తకాల్లో చాలావాటిలో ఉండేది ప్రేతఖండం సంగతులే: యమమార్గం, నరకాలు, పిండప్రదానాలు. 18 మహాపురాణాల్లో ఒకటైన అసలు గ్రంథంలో ఆచారఖండమే పెద్దది. వైద్యం, నీతి, వ్యాకరణం, ఛందస్సు, చివరికి రత్నపరీక్ష కూడా అందులో ఉన్నాయి. ముత్యం మంచిచెడ్డలు చెప్పే గ్రంథాన్ని మైలరోజులకు పరిమితం చేశాం!

ఒక భాగాన్ని అచ్చువేసి మొత్తం పేరు పెట్టడం పాఠకుడికి అన్యాయం. అట్ట మీద ‘ప్రేతఖండం’ అని స్పష్టంగా ఉండాలి. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ భాగం ఊరటనిస్తుంది, అది వాళ్లకు అందాల్సిందే. ఆయుర్వేదం చదివే విద్యార్థి మాత్రం పేరు చూసి జంకకూడదు. ఈ సంచిక నుంచి ఆచారఖండంలోని రత్నపరీక్ష అధ్యాయాలను పరిచయం చేస్తున్నాం.